అమ్మ రాని కొలుపు

పెనుకొండ
నవంబరు 10

అత్తా,

ఫోన్ చేస్తే నాన్న ఎత్తడం, నేను చెప్పింది నీ చెవిలో అరవడం, నువ్వు "ఏందిరా, ఏందీ" అనడం, మధ్యలో సగం మాటలు ఆయనే మింగేయడం. ఇక లాభం లేదని కాగితం తీశాను. క్వారీ పేలుళ్ళు నీ చెవుల్ని తిన్నాయి గాని కళ్ళు బాగానే ఉన్నాయిగా. బజ్జీలు కట్టిన పేపర్‌ని కూడా చదవకుండా పారేసేదానివి కాదు నువ్వు.

ఇక్కడ బాగానే ఉన్నాను. కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో నన్ను సూపర్‌వైజర్ని చేశారు. ఒక పక్క కొరియా వాళ్ళకి వాళ్ళ వంట, ఇంకో పక్క మనకి అన్నం, సాంబారు. నేను "ఏంది" అంటే ఈ అనంతపురం పిల్లలు నవ్వుతారు. వాళ్ళు "ఏమప్పా" అంటే నేను నవ్వుతాను.

దీంతో పాటు ఒక పుస్తకం పంపుతున్నా. కొరియా నవల, తెలుగులోకి మార్చారు. మా రెస్ట్ రూమ్ అలమరలో ఎవరూ ముట్టుకోకుండా పడి ఉంది, అడిగితే తీసుకుపొమ్మన్నారు. ఒక దీవిలో ఉప్పుమడుల్లో పనిచేసే ఆమె కథ. కరువొచ్చి మొగుడితో బొగ్గుగనుల ఊరికి వలసపోతుంది. అక్కడ బిడ్డ చచ్చిపోతాడు. ఆ తర్వాత ఆమె ఒంటిమీదకి దేవుళ్ళు, చనిపోయినవాళ్ళు రావడం మొదలవుతుంది. అట్లాంటి ఆడవాళ్ళని వాళ్ళ భాషలో ముదాంగ్ అంటారట. డప్పులు, రంగుబట్టలు, కత్తులు... చదువుతుంటే పేజీ పేజీకీ నువ్వే కనపడ్డావు అత్తా. మన కాలనీలో అంకమ్మకి కొలుపు చేసిన రోజు, పంబ డోలు మోగగానే నువ్వు జుట్టు విప్పుకుని లేవడం, అమ్మవారు నీ నోటితో మాట్లాడుతుంటే అంతమందీ చేతులు జోడించి నిలబడటం. నీలాంటిది లోకంలో నువ్వొక్కదానివే అనుకునేదాన్ని చిన్నప్పుడు.

చదివి ఏమనిపించిందో రాయి. నాన్న దగ్గు ఎట్లా ఉంది? నేనడిగితే "చలికాలం గదే" అంటాడు.

నీ ప్రశాంతి


దాచేపల్లి, క్వారీ కాలనీ
డిసెంబరు 15

ప్రశాంతికి రాఘవమ్మత్త రాస్తన్నది.

పుస్తకం వచ్చింది. పోస్టుమాన్ తెచ్చిచ్చి, ఇంత లావు కవరు ఏంది పిన్నీ, కోర్టు కాయితాలా అన్నాడంట. పక్కింటి ప్రసన్న నవ్వుతా చేతులతో చెప్పింది.

మధ్యాన్నం పూట గుమ్మంలో కూచోని చదువుతన్నా. ఆ పేర్లు నోరు తిరగవు. ఉప్పుమడులామెకి నేను ఉప్పమ్మ అని పెట్టుకున్నా. వలసపోయే కాడ మాత్రం ఉన్నదున్నట్టు రాశారే. సామాను సర్దేటప్పుడు ఆమె ఏది తీసుకోవాలో తెలియక, ఏడుపొచ్చి, చివరికి అక్కరకురాని చీపురు ఒకటి చంకలో పెట్టుకోని బయలుదేరుద్ది చూడు, అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు రోడ్డు చూస్తా కూచున్నా. మాచర్ల అవతల మా నాయన సేద్యం ఎండిపోయి మమ్మల్ని ఇక్కడికి తోలుకొచ్చినప్పుడు మా అమ్మ పొయ్యిరాళ్ళు మోసుకొచ్చింది. రాళ్ళు కొట్టటానికి పోతా రాళ్ళు మోసుకుపోతన్నావేందే అని మా నాయన దారంతా తిట్టాడు.

పూనకం గురించి రాసింది మాత్రం నాకు నచ్చలా. ఆమెకి వెలుగు కనపడుద్దంట, ఏవేవో రంగులంట. ఎవరికి ఎట్లా వచ్చుద్దో నాకేం తెలుసుద్దిలే. నాకైతే ఏమీ కనపడదు. పంబ మోత కడుపులోకి దిగుద్ది, అరికాళ్ళు చల్లబడతయ్, ఇంక నేనుండను. మళ్ళీ నేనొచ్చేసరికి నోట్లో వేపాకు చేదు, ఒళ్ళంతా రోకలితో పొడిచినట్టు నొప్పులు.

సగంలో ఆపేశా. గని మూతపడి, అందరూ చెరకుతోటల పనికని రేవులో ఓడెక్కే చోటు ఉంది గదా. ఒక ముసలామె కొడుకు గనిలో చచ్చిపోయి ఆ ఊళ్ళోనే పూడ్చి ఉంటాడు. వాణ్ణొదిలి ఓడెక్కనని ఆమె కూలబడుద్ది. అప్పుడు ఉప్పమ్మ ఒంటిమీదకి ఏమీ రాకుండానే వచ్చినట్టు ఊగి, వాడి గొంతు పెట్టి "ఎక్కమ్మా, నేను ముందే ఆ ఒడ్డుకి పోయి ఉన్నా" అంటది. నాకు కోపం వచ్చింది. ఆ పని చెయ్యకూడదు. పుస్తకం తీసి బియ్యం డబ్బా మీద పెట్టేశా.

మీ నాన్న దగ్గు మామూలే. ఇక్కడ అంతా మామూలే. వేళకి తిను.

రాఘవమ్మ


పెనుకొండ
జనవరి 8

అత్తా,

"ఇక్కడ అంతా మామూలే" అని రాశావు. నిన్న ప్రసన్న ఫోన్ చేసి అన్నీ చెప్పింది. క్వారీ మన ఇళ్ళ దాకా వస్తోందని, గురజాల రోడ్డు పక్కన ఇళ్ళు కట్టి క్వారీవాళ్ళు అందరినీ అక్కడికి పొమ్మంటున్నారని, సగం మంది పోదామని, సగం మంది ఉందామని పోట్లాడుకుంటున్నారని, ఉండేవాళ్ళకి ముందు నిలబడింది మా నాన్నే అని. ఎటూ తేలక కాలనీ పెద్ద వెంకట్రామయ్య మామ మార్చిలో కొలుపు పెట్టించాడట, అంకమ్మనే అడుగుదామని. అంటే నిన్ను. ఇంత జరుగుతుంటే నాకు ఉప్పమ్మ చీపురు గురించి రాశావు.

ఇంకోటి కూడా చెప్పింది. నాన్నని నరసరావుపేట తీసుకుపోయి ఎక్స్‌రే తీయించారట. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందట. ముందు ఆ దుమ్ములోంచి బయటికి రమ్మన్నాడట డాక్టర్. చలికాలమా అత్తా ఇది?

నాన్న ఎందుకు కదలడో నాకు తెలుసు. క్వారీ రాయి ఎగిరొచ్చి తగిలి అమ్మ చనిపోయిన చోటు ఆయనకి గుమ్మంలోంచి కనపడుతుంది. పొద్దున్నే అటు చూసి గాని మొహం కడుక్కోడు.

నువ్వు మూసేసిన పేజీ నేను మళ్ళీ చదివాను. నాకు అందులో తప్పు కనపడలేదు. ఆ ముసలామె ఓడెక్కకపోతే ఆకలికి చచ్చిపోయేది. ఒక్క అబద్ధం, ఒక ప్రాణం. దేవుడికి కోపం వచ్చే పనా అది?

అడగాలంటే భయంగా ఉంది, అయినా అడుగుతున్నా. అమ్మ చనిపోయిన ఏడాది కొలుపులో నీ నోటితో అమ్మ మాట్లాడింది. "ఏమయ్యో, నా బిడ్డని రాళ్ళ కాడికి తోలబాక" అంది. నాన్న నేల మీద పడి ఏడ్చాడు. నన్ను మళ్ళీ బడికి పంపాడు. ఈ రోజు నేనిక్కడ ఉన్నది ఆ మాట వల్లే. ఆ రోజు వచ్చింది నిజంగా అమ్మేనా? అవునంటే ఇంకోసారి పిలువు. కాదంటే... అప్పుడు చేసిందే ఇప్పుడూ చెయ్యి. "ఏమయ్యో, ఇక్కణ్ణించి పో" అని ఒక్క మాట. ఆయన వింటాడు. ఇంకెవరు చెప్పినా వినడు.

ప్రశాంతి


దాచేపల్లి
ఫిబ్రవరి 4

ప్రశాంతీ,

నీ ఉత్తరం రెండు మూడు సార్లు చదివా. ప్రసన్న నోరు నిలవదని తెలుసు. దూరాన ఉన్నదానివి, ఊరికే గుండెలు పట్టుకుంటావని దాచా. అంతే.

ఎవరికీ చెప్పని మాట నీకు చెప్తా. మొన్న రెండు కొలుపుల్లో నేను ఒంట్లో బాగాలేదని ఇంట్లో పండుకున్నా గదా. బాగుండకేం. అమ్మ నా మీదకి రావటంలా. చెవులు పోయినకాడినించి రావటంలా. పంబ నాకు వినపడదు. ఆ మోత లోపలికి దిగితేనే గదా ఆమెకి దారి. మొదట్లో, నామీద కోపం వచ్చిందేమోనని శుక్రవారాలు ఒక్కపొద్దులున్నా. తర్వాత అర్థమయింది. వాకిలి మూసుకుపోయిన ఇంట్లోకి ఎవరైనా ఎట్లా వస్తారు.

నువ్వు పోయిన దసరాకి పంపిన చెవిమిషను గోలే గాని మాట తెలియనీదని పక్కన పడేశా గదా, అది పెట్టుకోని, పోయిన వారం పంబలాయన ఇంటికి పోయి కొట్టి చూపించమన్నా. పాపం ముసలాయన, అడిగిందే తడవు కొట్టాడు. మిషన్లో అది రాళ్ళు నూరే క్రషర్ ఆడినట్టు వినపడింది. తలనొప్పి వచ్చింది. అంతకుమించి ఏమీ రాలా. ఆయన నా మొహం చూసి, కొట్టటం ఆపి, పంబ కిందపెట్టి, టీ తాగుతావా అని చేత్తో అడిగాడు. ఆయనకి అర్థమయిపోయింది. నోరు విప్పే మనిషి కాదు.

మీ అమ్మ సంగతి అడిగావు. నిజం చెప్తన్నా, ఆ రోజు నేనేమన్నానో నాకు తెలియదు. లేచాక మీ నాన్న నా కాళ్ళు పట్టుకోని ఏడుస్తా చెబితే తెలిసింది. వచ్చింది మీ అమ్మో, అంకమ్మో, నా కడుపులో నీ గురించి ఉన్న దిగులో, నేను ప్రమాణం చెయ్యలేను. చేసింది నేను కాదని మాత్రం చెప్పగలను. నువ్వు చెయ్యమనేది నేను చేసేది. రెండూ ఒకటి కాదు.

బియ్యం డబ్బా మీదినించి పుస్తకం మళ్ళీ తీశా, నీ మూలాన. ఆ ముసలామె ఒడ్డు చేరినాక ఏమయిందో నువ్వు చదివావా, లేక అక్కడిదాకా రాలేదా? చెరకుతోటల్లో పనిచేస్తా రోజూ సాయంత్రం ఉప్పమ్మ గుడిసె కాడికి వచ్చుద్ది. "నా కొడుకు ఈడనే ఉన్నానన్నాడుగా, పిలువు" అంటది. ఉప్పమ్మ పిలవక తప్పదు. రోజూ ఆ గొంతు పెట్టాలి. చివరికి నిజంగా దేవుళ్ళు రావటం మానేస్తారు ఆమె మీదకి. ఒక్క అబద్ధం అన్నావు నువ్వు. ఒక్కటితో ఆగుద్దా అది?

వెంకట్రామయ్య బావ కూడా నిన్న వచ్చి కూచున్నాడు. ఎడమ చెవి కాడ నోరు పెట్టి, "అమ్మ పొమ్మంటే అందరం పోతాం రాఘవమ్మా, లేకపోతే తలా ఒక దిక్కు అవుతాం, ఆలోచించు" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. నువ్వూ మంచికే అంటన్నావు. మీ నాన్న నా కళ్ళ ముందే రోజుకింత తరిగిపోతన్నాడు. వాడి దగ్గు నాకు వినపడదు గాని, దగ్గేటప్పుడు వీపు ఎగిరిపడేది కనపడుద్ది. నాకేం చెయ్యాలో తెలియటంలా.

అత్త


పెనుకొండ
ఫిబ్రవరి 16

అత్తా,

పుస్తకం చివరిదాకా నేనూ చదివాను. రోజూ పిలవాల్సి వచ్చినా సరే, ఆ ముసలామె బతికే ఉంది కదా? నాకు కనపడింది అదే.

నువ్వు నిజాయితీగా ఉండాలనుకుంటున్నావు. బాగుంది. దానికి ఖర్చయ్యేది మా నాన్న ఊపిరి. నీకు అమ్మవారు రాకపోతే అది నీకూ ఆమెకీ మధ్య. నాకు మిగిలింది ఒక్క నాన్న.

సెలవు దొరకలేదు, కొలుపుకి రాను. దొరికినా రాను.

ప్రశాంతి


దాచేపల్లి
మార్చి 21

ప్రశాంతీ,

కొలుపు అయిపోయింది. వేరేవాళ్ళ నోటినించి వినేకంటే నేనే చెప్పటం మంచిది.

సాయంత్రానికే జనం నిండిపోయారు. దాచేపల్లి ఊళ్ళోనించి కూడా వచ్చారు. అమ్మ రాయికి పసుపు పూసి, వేపమండలు కట్టి, ఎదురుగా అన్నం కుంభం పోశారు. నేను తలకి పోసుకోని తడిబట్టతో నిలబడ్డా. మిషను తీసి ప్రసన్న చేతిలో పెట్టా. పంబలాయన నా ఎదురుగా వచ్చి నా కళ్ళలోకి చూస్తా కొట్టటం మొదలుపెట్టాడు. ఆయన మెడ నరాలు తేలటం కనపడింది, పంబ తోలు అదరటం కనపడింది. అరికాళ్ళ కింద నేల కూడా అదిరింది. ఆశ పుట్టిందే నాకు. అమ్మా, కాళ్ళలోనించి రా, చెవులతో పనేముంది అని ఎంత బతిమాలుకున్నానో. చానా సేపు కొట్టాడు. ఆయనకి చెమటలు కారిపోతన్నయ్. నేల అదురుతానే ఉంది. నేను మాత్రం నేనుగానే ఉన్నా.

మీ నాన్న ముందు వరసలో నిలబడ్డాడు. తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. చేతులు జోడించి, కళ్ళార్పకుండా నా నోటినే చూస్తన్నాడు. వాడు అమ్మ కోసం రాలేదు, మీ అమ్మ కోసం వచ్చాడు. "ఏమయ్యో" అంటే చాలు. మీ అమ్మ ఎట్లా పిలిచేదో నాకు తెలుసు. ఆ పిలుపు నాలుక మీదకి వచ్చింది. నీ మాట గుర్తుకొచ్చింది, నాకు మిగిలింది ఒక్క నాన్న అన్నది. నోరు తెరిచా కూడా.

వాడి మొహం చూడలేకపోయానే. అంత నమ్మకంగా చూసే మనిషిని ఎట్లా మోసం చెయ్యను. వాడి కోసమే అయినా.

చెయ్యెత్తి పంబ ఆపించా. "అమ్మ రాలేదు. నేను రాఘవమ్మని" అన్నా.

ఎవరికీ అర్థం కాలా మొదట. మళ్ళీ చెప్పా. చెవులు పోయినకాడినించి రావటంలేదని, మీకు చెప్పటానికి సిగ్గయి ఇంట్లో పండుకున్నానని చెప్పా. నా గొంతు ఎంత పెద్దగా వస్తందో నాకు తెలియదు గదా, అరిచే ఉంటా. వెంకట్రామయ్య బావ తల పట్టుకున్నాడు. ముసలోళ్ళు కొందరు మైల తగిలిందని చీదరించుకోని లేచారు.

"అమ్మ ఏమందో నాకు తెలియదు. నా సంగతి నేను చెప్తన్నా. నేను గురజాల రోడ్డుకి పోతన్నా. ఈ క్వారీ నా చెవులు తిన్నాక ఇప్పుడు నా తమ్ముణ్ణి తింటంది. కూచోని చూడలేను" అన్నా. వాడి వైపు తిరిగి, "రారా అంకమ్మరావూ" అన్నా.

వాడేదో అన్నాడు. పెదాలు చూస్తే తెలియలా. ప్రసన్నని అడిగితే చెప్పనంది. గట్టిగా పట్టుకుంటే నా చెవిలో చెప్పింది. "అమ్మే చెప్పలేదు, చెప్పటానికి నువ్వెవరు?" అన్నాడంట.

"మీ అక్కని" అన్నా.

వెళ్ళిపోయాడు. తెల్లారి అటువైపు పోతే తలుపేసుకున్నాడు. నీకు కోపం వచ్చుద్దని తెలుసు. వచ్చినా సరే, రాయటం మానబాక.

రాఘవమ్మత్త


పెనుకొండ
ఏప్రిల్ 12

అత్తా,

మూడు వారాలు రాయలేదు. కోపంతోనే.

నాన్న ఆ రాత్రే ఫోన్ చేశాడు నాకు. తిడతాడేమో అనుకున్నాను. దగ్గు మాత్రం వినపడింది. తర్వాత, "మీ అత్త నన్ను మోసం చెయ్యాలనుకుంటే చెయ్యగలిగేది. చెయ్యలా" అన్నాడు. పెట్టేశాడు.

అత్తా, నేను అడిగింది నువ్వు చేసి ఉంటే నాన్న ఈపాటికి గురజాల రోడ్డులో ఉండేవాడు. అది నేనింకా మర్చిపోలేదు. కానీ ఆ రోజు నుంచి ఇంకో సంగతి కూడా మనసులో తిరుగుతోంది. నువ్వు కావాలని అబద్ధం ఆడగలిగిన మనిషివైతే, నా చిన్నప్పటి ఆ మాట కూడా నాకు మిగిలేది కాదు. దాన్ని కూడా అనుమానించుకుంటూ బతికేదాన్ని. నువ్వు ప్రమాణం చెయ్యలేనన్నావు. ఫర్వాలేదు. అంత మాత్రం తెలియకపోవడం నేను భరించగలను.

ఇల్లు మారారా? ఎవరెవరు వచ్చారు? నాన్నకి అన్నం ఎవరు పెడుతున్నారు?

నీ ప్రశాంతి


గురజాల రోడ్డు, కొత్త కాలనీ
జూన్ 18

ప్రశాంతీ,

రాయటం ఆలస్యమయింది, ఇల్లు సర్దుకునేసరికి తలప్రాణం తోకకొచ్చింది. రేకుల ఇళ్ళే గాని గాలి బాగుంది. పొద్దున లేస్తే అంట్ల మీద తెల్లదుమ్ము లేదు. అలవాటు చొప్పున తుడుస్తానే ఉన్నా.

కొలుపు తర్వాత వారానికల్లా ముందు కదిలింది ఎవరనుకున్నావు, నన్ను చీదరించుకోని లేచిన ముసలోళ్ళే. దేవత చెప్పకపోతే ఏంది, మా మోకాళ్ళు చెప్తన్నయ్ అన్నారంట. తర్వాత ఆడోళ్ళు పిల్లల్ని తీసుకోని బయలుదేరారు, మగోళ్ళు వెనకాల వచ్చారు. నేను ఏప్రిల్ ఆఖర్లో వచ్చా. ఏడెనిమిది ఇళ్ళవాళ్ళు అక్కడే ఉండిపోయారు, మీ నాన్నతో కలిపి. ప్రసన్న మొగుడు బండి మీద రోజూ కూర పట్టుకుపోయేవాడు. మీ నాన్న గిన్నె కడిగి పంపేవాడు గాని మాట పంపేవాడు కాదు.

మొన్న పదో తారీకున ఆటో దిగాడు. రెండు సంచులు, ఒక మంచం. గుమ్మంలో నిలబడి, "నీళ్ళ ట్యాంకరు ఆపేశారు" అన్నాడు. నా చెవి కాడికి వచ్చి మరీ చెప్పాడు, దానికోసమే వచ్చానని నేను నమ్మాలని. నమ్మానని తలూపా. లోపలికొచ్చి మంచం వాల్చి పడుకుంటే, సాయంత్రం దాకా లేవలా. తర్వాత రోజు నరసరావుపేట పోయాం. మందులిచ్చారు. పోయింది తిరిగి రాదంట, ఉన్నది నిలుపుకోవచ్చంట. ఇంకో నెలకి మళ్ళీ రమ్మన్నారు. మీ అమ్మ పేరు ఎత్తలేదు వాడు, నేనూ ఎత్తలా.

ఇంకో సంగతి జరిగింది. అసలు దానికోసమే ఇయ్యాల కూచున్నా.

అమ్మ రాయిని ఇక్కడికి తెచ్చి, పోయిన శుక్రవారం చిన్నగా కొలుపు చేశాం. ఈసారి ఎవర్నీ ఏమీ అడగటానికి కాదు, ఇదిగో ఇక్కడున్నామని చెప్పటానికి. నేను జనంలో కూచున్నా. కాలనీ వెనక కాస్త దూరాన సున్నపు బట్టీలున్నయ్, వాటిల్లో ఒరిస్సావాళ్ళు పనిచేస్తారు. మోత విని వాళ్ళూ వచ్చి దూరంగా నిలబడ్డారు. అందులో మున్నీ అని ఒకామె. ఇరవై ఐదుంటయ్యేమో, చంకలో బిడ్డ. వచ్చి రెండు నెలలేనంట, మొగుడు బట్టీలో సున్నం ఎత్తుతాడు.

పంబ అందుకుందో లేదో, ఆ పిల్ల చంకలో బిడ్డని పక్కామెకిచ్చేసి ఊగటం మొదలుపెట్టింది. జడ ఊడిపోయింది. జనాన్ని తోసుకుంటా నేరుగా అమ్మ రాయి కాడికి వచ్చి నిలబడి మాట్లాడుతంది, మాట్లాడుతంది, ఆపకుండా. అందరూ నోళ్ళు తెరిచి చూస్తన్నారు. వాళ్ళ భాష మనకి రాదు గదా. వాళ్ళవాళ్ళేమో భయపడి దగ్గరికి రావటంలా. వెంకట్రామయ్య బావ చెయ్యెత్తి పంబ ఆపమంటన్నాడు. "మన అమ్మ వాళ్ళ మీదకెందుకొచ్చుద్ది, ఏం భాషది, ఆపించండి" అని నలుగురు లేచారంట.

నేను లేచి పోయా. అట్లా ఊగేవాళ్ళని పట్టుకోకపోతే రాయి మీదో మంట మీదో పడతారు. వెనకనించి నడుం చుట్టూ చేతులేసి గట్టిగా పట్టుకున్నా. ఎంత బలమే ఆ పిల్లకి, నన్ను ఎత్తి కుదేసింది. ఆమె వీపు నా రొమ్ముకి ఆనుకోని ఉంది. ఆమె అరుస్తంటే ఆ మాటలు నాకు ఎముకల్లో తగిలినయ్. ఒక్క మాట కూడా తెలియలా. అయినా మాట్లాడుతున్నది ఆ పిల్ల కాదని నాకు తెలుసు. పంబలాయన వైపు చూసి, ఆపబాక, కొట్టు అని తలూపా. ఆయన వెంకట్రామయ్యని చూడలా, నన్ను చూసి కొట్టాడు.

చానా సేపటికి ఒళ్ళు వదిలేసింది. కింద కూచోబెట్టి, పసుపునీళ్ళు మొహాన చల్లి, జుట్టు ముడేశా. కళ్ళు తెరిచి చుట్టూ చూసి బెదిరిపోయింది. తెలియని ఊరు, తెలియని జనం, అందరూ తననే చూస్తన్నారు. లేచి పారిపోబోయింది. చెయ్యి పట్టుకోని కూచోబెట్టా. ఎవరూ కదలటంలా. దణ్ణం పెట్టాలో తరిమెయ్యాలో తేల్చుకోలేక అట్లనే నిలబడ్డారు.

అప్పుడు మీ నాన్న లేచాడు. మెల్లగా, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటా, అంతమందినీ దాటుకోని బట్టీలవాళ్ళ కాడికి పోయాడు. ఏడుస్తన్న ఆ బిడ్డని ఎత్తుకొచ్చి మున్నీ ఒళ్ళో పెట్టాడు. పెట్టి, ఆమెకి ఎదురుగా నేల మీద కూచున్నాడు. వాణ్ణి చూసి ప్రసన్న కూచుంది. తర్వాత ఒక్కొక్కళ్ళే అందరూ కూచున్నారు.

అత్త